రెండో కండె

“ఏమప్పా, ఇది మీ ఇంటి బాణలా?”

మునిరత్న నాతో మాట్లాడిన మొట్టమొదటి మాట ఇదే. అప్పుడు నా చేతుల్లో రెండు పొడుగాటి పనస బద్దలున్నాయి. వాటి నుంచి వేణ్ణీళ్ళు కారుతున్నాయి. ఇంత చోటుండగా ఆమె పాదాల మీదే కారుతున్నాయి.

“ఒక్క పది నిముషాలే నానేసినా,” అన్నాను, అదేదో పెద్ద మర్యాద అయినట్టు.

“నిన్న గూడా నువ్వే కదా?” ఆమె పక్కనున్న పట్టుపోగు చుట్ట ఎత్తి నా ముఖం ముందు పట్టింది. “చూడు దీన్ని. కాఫీలో ముంచి తీసినట్ల అయిపాయె. ఇంగ దీన్ని ఎవురు కొంటారు? పట్టుగూళ్ళు ఉడికే నీళ్ళలో కట్టెలేస్తారా ఎవురన్నా?”

నిజమే, ఎవరూ వెయ్యరు. పనసచెక్క వేడినీళ్ళలో రంగు వదులుతుందని నాకు తెలుసు. ఆ నీళ్ళలోనే ఆమె మధ్యాహ్నం నుంచి పోగు తీస్తుందన్నదే నాకు తట్టలేదు. ఎదుటివాళ్ళ పని గురించి ఆలోచించే అలవాటు నాకు ఆ రోజుల్లో తక్కువ.

అది ఎనభై నాలుగో సంవత్సరం. బంగారు గనులు గవర్నమెంటు చేతికొచ్చి చాలా ఏళ్ళయింది. నేను కేజీఎఫ్‌లో కంపెనీ ప్యాటర్న్ షాపులో పనిచేసేవాణ్ణి. ఇనుప సామాను పోత పోసే ముందు దాని రూపాన్ని చెక్కతో చేసివ్వాలి, అదీ మా పని. రోజూ బేతమంగళ నుంచి బస్సులో వెళ్ళి వచ్చేవాణ్ణి. మునిరత్న వాళ్ళ నాన్న చెన్నరాయప్ప లక్కూరు నుంచి వచ్చి మా వీధి చివర పట్టుపోగు తీసే షెడ్డు పెట్టి మూడు నెలలైంది. అందరూ భోజనాలకు లేచే వేళ ఆ బాణళ్ళు ఊరికే పొగలు కక్కుతుంటాయి. నాకేమో చెక్క వంచడానికి వేడినీళ్ళు కావాలి. మా ఇంట్లో అంత పొడుగు గిన్నె లేదు.

“ఇంతకూ ఏం చేస్తా ఉండావు ఈ కట్టెల్తో?”

“గిటార్.”

“సినిమాల్లో ఎగురుతా వాయిస్తారే, అదా?”

“అదే.”

“నువ్వా?” అంది, నన్ను కింది నుంచి మీదికి ఒకసారి చూసి. ఆ చూపుకు నా ఎత్తు నాలుగంగుళాలు తగ్గింది. “పేరేంది?”

“కేజీఎఫ్‌లో అందరూ వెంకట్ అంటారు.”

“బేతమంగళలో ఏమంటారు?”

కాసేపు నీళ్ళు నమిలాను. “చిక్కవెంకటప్ప.”

అంతే, కోపమంతా ఎటు పోయిందో, పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలెట్టింది. మూలన కూర్చున్న వాళ్ళ అవ్వ చిన్నవెంకటమ్మ కూడా ఎందుకో తెలియకుండానే నవ్వింది. తాత పేరు పెట్టించుకున్న పాపానికి నేను చాలామంది నవ్వులు చూశాను. మళ్ళీ చూడాలనిపించిన నవ్వు మాత్రం అదొక్కటే.

“చిక్కెంకటప్పా,” అంది నేను తలుపు దాటుతుంటే. “ఇంగమీద కట్టెలేసేది ఉంటే ముందు అడుగు. వేరే బాణలి చూపిస్తా.”

ఆ మరుసటి రోజు అడిగాను. చూపించింది.

* * *

గిటార్ సంగతి చెప్పాలి. మా హెడ్ క్లర్క్ గుండూరావు గారి కొడుకు ప్రాణేశ్‌కు ఒక బ్యాండు ఉండేది. కొత్త సంవత్సరానికి క్లబ్బులో వాళ్ళే వాయించాలి. వాళ్ళ గిటారిస్టుకు బెంగుళూరులో ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడు. నేను అంతో ఇంతో వాయిస్తానని ప్రాణేశ్‌కు తెలుసు.

“నీ డబ్బా గిటార్ పనికిరాదప్పా,” అన్నాడు. “లోపలంతా బోలుగా ఉంటే స్పీకర్ పక్కన కూత పెడతాది. అట్లని అంతా గట్టి చెక్కైతే ఆ తియ్యదనం రాదు. సగం బోలు గిటార్ కావల్ల. యాడన్నా సంపాదించు. డిసెంబరు రెండో ఆదివారం రా, వాయించి చూపించు. బాగుంటే ఆ చోటు నీదే.”

సంపాదించడం మన వల్ల అయ్యే పనా? చెక్క పని చేసేవాణ్ణి కదా, చేసేస్తే పోలా అనుకున్నాను.

మా వరండా కార్ఖానా అయింది. నడిమికి గట్టిగా ఒక టేకు దుంగ. దానికి ఇరుపక్కలా పనస బద్దలు వంచి కట్టిన బోలు రెక్కలు. పైనా కిందా పలకలు. పై పలకలో పాట బయటికి రావడానికి రెండు వంకర సందులు. జిగురు ఆరేదాకా సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించి, పైన రాగులు విసిరే రాయి ఎక్కించాను.

“ఆ రాయి దించుతావా లేదా?” అని మా అమ్మ సొన్నమ్మ రోజూ అరిచేది. “మూడు దినాల నుంచి ఇంట్లో రాగిపిండి లేదు. నీ గిటార్ ఉడకేసుకుని తిందామా?”

మునిరత్న పోగు చుట్టలు ఇచ్చే నెపంతో వచ్చి వరండా అంచున నిలబడేది. మా ఇంట్లో పట్టుపోగుతో పనేంటని ఎవరూ అడగలేదు. అమ్మ అడగలేదంటే అమ్మకు అర్థమైందన్న మాట.

“సగం బోలు, సగం గట్టి,” అంది ఒక రోజు గిటార్‌ను వేలితో తట్టి చూసి. “నీ తల మాదిరే చేసుకున్నావే!”

“నా తలలో బోలు యాడుండాది?”

“తట్టి చూడమంటావా?”

నేను తల వంచి ముందుకు పెట్టాను. ఆమె నిజంగానే వేలు మడిచి నెత్తి మీద ఒకటిచ్చింది. తర్వాత తను చేసిన పనికి తనే సిగ్గుపడి, తెచ్చిన చుట్ట కూడా మరిచిపోయి వెళ్ళిపోయింది. ఆ మొట్టికాయ నాకు నాలుగు రోజులు తియ్యగా నొప్పి పెట్టింది.

* * *

చెక్క నా మాట విన్నది. వినంది రాగితీగ.

కరెంటు గిటార్‌కు తీగల కింద అయస్కాంతాలు పెట్టి, వాటి చుట్టూ సన్నటి రాగితీగ వేల చుట్లు చుట్టాలి. అలాంటివి రెండు కావాలి. ఒకటి ఇటువైపు చుడితే రెండోది ఉల్టా చుట్టాలి, అయస్కాంతం కూడా తలకిందులు పెట్టాలి. అప్పుడు కరెంటు వైర్ల నుంచి వచ్చే ‘గుంయ్’మనే రొద రెండింటిలో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, పాట మాత్రం రెండింతలవుతుంది. కేజీఎఫ్ రీడింగ్ రూములో ఒక పాత ఇంగ్లీషు పత్రికలో బొమ్మతో సహా చదివాను. మోటార్లకు తీగ చుట్టే దుకాణంలో తీగ తెచ్చాను. వెంట్రుక కన్నా సన్నం. చేతి డ్రిల్లుకు తీగ చుట్టాల్సిన చిన్న కండె బిగించి చుట్టబోతే పదకొండుసార్లు తెగింది.

పన్నెండోసారి అది పట్టుకుని షెడ్డుకు వెళ్ళాను.

మునిరత్న తీగ కొసను రెండు వేళ్ళ మధ్య జార్చి చూసింది. “ఇదేం సన్నం? ఒక్క గూడు పోగు ఎప్పుడన్నా చూసినావా? కంటికే కనపడదు. అది తెగకుండా లాగేదే మా పని.”

కండెలకు దారం చుట్టే చిన్న రాట్నం ముందుకు లాగి, నా కండెను దాని కొసకు బిగించింది. కుడిచేత్తో రాట్నం తిప్పుతూ ఎడమచేతి వేళ్ళ మధ్య నుంచి తీగను వదిలింది. నేను వందేసి చుట్లకు ఒక అవరె చిక్కుడు గింజ డబ్బాలో వెయ్యాలి. బయట వాన మొదలైంది. రేకుల మీద వాన చప్పుడు, రాట్నం చప్పుడు, దాని కింద ఆమె సన్నగా తీసే రాగం. పోగు తీసేటప్పుడు వాళ్ళింట్లో అందరూ పాడుకునే రాగమట. మాటలు లేవు.

“ఎన్ని గింజలాయె?” అంది కాసేపటికి.

చూస్తే డబ్బాలో ఎన్ని వేశానో నాకే తెలీదు. నేను చూస్తున్నది రాట్నాన్ని కాదు.

“నలభై తొమ్మిది,” అని ఆమే చెప్పింది. “నువ్వు యాడో ఉండావని నేనే లెక్క పెట్టుకుంటా ఉండా.”

అయిదువేల చుట్లు. ఒక్కసారి కూడా తెగలేదు.

“రెండోది ఉల్టా చుట్టాల, మరిచిపోవద్దు,” అన్నాను లేస్తూ.

“ఊ. ఉల్టా.” తర్వాత తల వంచుకునే అంది. “మా నాయిన తమక ఊర్లో ఒక సంబంధం మాట్లాడతా ఉండాడు. బస్సు కండక్టరంట.”

“నీకిష్టమా?”

“నన్ను అడిగినోళ్ళు యాడుండారు? అందురూ వాళ్ళే చూస్తారు, వాళ్ళే తేలుస్తారు.”

ఆ మాట నేను సరిగ్గా విని ఉంటే ఈ కథ వేరేగా ఉండేది. విన్నాను, కానీ నా ధ్యాస ఎంతసేపూ నేను చెప్పబోయే గొప్ప మాట మీదే ఉంది.

“ఈ ఆదివారం గిటార్ పాసైతే, సోమవారం మా అమ్మను మీ ఇంటికి పంపిస్తా.”

“పాస్ కాకుంటే?”

“ఏల కాదు?”

ఆమె గింజల డబ్బాకు మూత పెట్టింది. వాన నిలిచింది. నేను ఎగురుకుంటూ ఇంటికి వెళ్ళాను.

రెండో కండె చుట్టేరోజు నాకు కేజీఎఫ్‌లో బస్సు తప్పిపోయింది. నేను వచ్చేసరికి ఆమె సగం చుట్టేసింది. తలుపు దగ్గర తల తుడుచుకుంటూ చూశాను. ఆమె చెయ్యి రాట్నాన్ని ఎప్పట్లాగే తిప్పుతోంది. మొదటి కండెకు ఎటు తిప్పిందో, అటే.

మరిచిపోయింది, అనుకున్నాను. పాపం, ఎన్నో ఏళ్ళ అలవాటు. ఆ చెయ్యి ఉల్టా ఎలా తిరుగుతుంది?

“ఉల్టానే కదా చుట్టింది?” అన్నాను మరుసటి రోజు, ఆమె టేపు చుట్టిన కండె చేతికిచ్చాక.

“ఉల్టానే,” అంది తొణక్కుండా.

నవ్వుకున్నాను. ఒప్పుకోవడానికి నామోషీ పడుతోంది, పోనీలే అనుకున్నాను. రెండూ ఒకవైపే చుట్టినా మునిగిపోయేదేం లేదు. రెండో కండె వైర్లు రెండూ అటుదిటు మార్చి అతికిస్తే లెక్క సరిపోతుంది. ఆమెకు చెప్పకుండానే ఇంట్లో కూర్చుని వైర్లు మార్చి అతికించాను. ఆమె తప్పును గుట్టుగా కప్పేశానని, నా అంత మంచివాడు లేడని ఆ పూట ఒక ముద్ద ఎక్కువ తిన్నాను.

* * *

ఆదివారం ఉదయం పది గంటలకు కేజీఎఫ్‌లోని రాబర్ట్‌సన్‌పేటలో ఒక హాలు. గాజులు కొనే నెపంతో మునిరత్న అవ్వను వెంటేసుకుని వచ్చింది. తలలో కనకాంబరాలు. వెనక బెంచీ మీద కూర్చుని, నేను చూసినప్పుడల్లా కిటికీ వైపు చూసేది.

ప్రాణేశ్ గిటార్‌ను తిప్పి తిప్పి చూశాడు. “ఏమి పనప్పా ఇది! నీ చేత్తోనే చేసినావా?”

నేను ఒక అంగుళం పెరిగాను. వైరు తగిలించాను. స్విచ్చి వేశాను.

గుంయ్‌మంది. హాలంతా నిండిపోయేంత రొద. తీగ మీటితే దాని కింద ఎక్కడో దోమ పాడినట్టు సన్నటి కూత. మళ్ళీ మీటాను. అదే కూత. డ్రమ్ముల దగ్గరున్న అతను చెవులు మూసుకున్నాడు. ఎవరో నవ్వారు.

“వైర్లు ఒకసారి మార్చి చూడు,” అన్నాడు ప్రాణేశ్ మెల్లిగా. “ఉల్టా పడింటాయేమో.”

“నా పని నాకు తెలీదా?” అన్నాను. చెవులు కాలిపోతున్నాయి. “నేను చేసిందంతా సరిగ్గానే ఉండాది. తీగ చుట్టింది నేను కాదు. చెప్పేది ఒకటి, చేసేది ఒకటి. గూళ్ళు ఉడకేసే చేతులకు కరెంటు పనిస్తే ఇట్లే ఉంటాది.”

అందరూ వెనక్కి తిరిగి చూశారు. చుట్టింది ఎవరో చెప్పనక్కరలేకుండా పోయింది.

మునిరత్న లేచి నిలబడింది. “నేను ఉల్టానే చుట్టినా.”

“కండ్లారా చూసినా నేను,” అన్నాను. “అబద్ధమేల?”

ఆమె నా వైపు చూసిన చూపు గురించి నేను చాలా రకాలుగా చెప్పుకుని చూశాను. కోపం కాదు. ఏడుపు కూడా కాదు. లెక్క తేలిపోయినవాళ్ళు చూసే చూపు. “లేయవ్వా, బస్సుకు టైమాయె,” అని అవ్వ చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. గాజులు కూడా కొన్నట్టు లేదు.

సోమవారం మా అమ్మ కొత్తచీర కట్టుకుని కూర్చుంది. “పోదామా?”

“ఇప్పుడొద్దులే,” అన్నాను.

గురువారం మునిరత్న వచ్చింది. వరండా మెట్టు మీద నిలబడింది. చేతిలో పోగు చుట్ట ఏదీ లేదు.

“ఒక్కసారి విప్పి చూడు,” అంది. “నాకోసరం.”

అంతే అడిగింది. రెండు నిమిషాల పని. నాలుగు స్క్రూలు, మూత, పైన చుట్టిన టేపు. కానీ నా బుద్ధి అప్పుడు గడ్డి తింటోంది.

“చూసేదేముండాది?” అన్నాను. “ఇంగ దాని సంగతి ఎత్తొద్దు.”

ఆమె ఎత్తలేదు. ఆ తర్వాత నాతో ఏ సంగతీ ఎత్తలేదు. ఫిబ్రవరిలో తమక కండక్టరు మారప్పతో పెళ్ళయింది. నేను వెళ్ళాను. భోజనం చేశాను. నాకేం బాధ లేదని నలుగురికీ తెలియాలని పాయసం రెండోసారి వేయించుకున్నాను.

* * *

గిటార్ గుడ్డ చుట్టుకుని అటక ఎక్కింది. ప్యాటర్న్ షాపు మూతపడింది, గనులూ మూతపడ్డాయి. నేను రాబర్ట్‌సన్‌పేటలో గిటార్లు, స్పీకర్లు బాగుచేసే చిన్న దుకాణం పెట్టాను. పెళ్ళి చేసుకోలేదు. అమ్మ ఉన్నన్నాళ్ళు అడిగింది, నేను ఏదో ఒకటి చెప్పి దాటేశాను. నిజం చెప్పాలంటే, ఎవరిని చూసినా చేతుల వైపే చూసేవాణ్ణి. ఆ వేళ్ళ మధ్య నుంచి తీగ తెగకుండా జారుతుందా అని.

రెండువేల నాలుగులో ఒక మధ్యాహ్నం ఒకాయన గిటార్ తెచ్చాడు. కొత్తగా ఎవరితోనో కాయిల్ వేయించాడట.

“సౌండు సన్నంగా వస్తా ఉండాది సార్. గుంయ్ అని ఒకటే రొద.”

ఆయన మాట పూర్తికాకముందే మూత విప్పాను. ఒక కండె వైర్లు రెండూ ఊడదీసి అటుదిటు మార్చి అతికించాను. తగిలించి మీటాను. రొద పోయింది. నిండుగా పలికింది. ఆయన సంతోషంగా వెళ్ళిపోయాడు.

నేను మాత్రం సోల్డరింగ్ కడ్డీ చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాను. సౌండు సన్నం, గుంయ్‌మని రొద. ఇరవై ఏళ్ళ కిందట హాల్లో నేను విన్నది సరిగ్గా ఇదే. చేతులు చేసేశాక బుర్రకు తెలిసింది.

దుకాణం మూసి బేతమంగళ బస్సెక్కాను. అటక మీంచి గిటార్ దించాను. నాలుగు స్క్రూలు. మూత. రెండో కండె మీది టేపు ఒలిచాను. టేపు కింద తీగ కనబడాలి, కనబడలేదు. పట్టుపోగు చుట్టి ఉంది. తీగకు దెబ్బ తగలకుండా ఒత్తుగా, ఓపిగ్గా చుట్టిన పోగు. కాఫీ రంగు పోగు.

ఎవరూ కొనరన్న ఆ చుట్టను ఆమె పారెయ్యలేదు. మా మొదటి పోట్లాటకు కారణమైన, నేను పాడుచేసిన పోగును దాచి ఉంచి, ఎప్పటికీ ఎవరూ చూడని చోట నా గిటార్ లోపల చుట్టింది. నాకు చెప్పలేదు. విప్పి చూడమని మాత్రం అడిగింది.

పోగు కొంచెం పక్కకు జరిపి, భూతద్దం పెట్టి తీగ ఎటు తిరిగిందో చూశాను. ఉల్టానే తిరిగింది. సరిగ్గా ఉన్నదాన్ని వైర్లు మార్చి చెడగొట్టింది నేనే.

వైర్లు మార్చి అతికించాను. గిటార్ పలికింది. అంత బాగా పలుకుతుందని నేను అనుకోలేదు. ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. యాభయ్యో ఏట పడుతున్నవాడు ఏడుస్తుంటే ఓదార్చడానికి అమ్మ కూడా లేదు.

* * *

తమకలో వాళ్ళిల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. “ఆ కుట్టుమిషన్ రత్నమ్మ ఇల్లా?” అని ఎవరో చూపించారు. మబ్బు పట్టింది. గిటార్‌తో పాటు చిన్న స్పీకర్ పెట్టె కూడా మోసుకుని వాకిట్లో నిలబడ్డాను.

ఆమె మిషన్ మీంచి తలెత్తింది. జుట్టు సగం నెరిసింది. కళ్ళద్దాలు. నన్ను గుర్తుపట్టడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు.

“ఏమప్పా చిక్కెంకటప్పా,” అంది. “ఇప్పుడు ఎవురి బాణలి కావల్ల?”

నవ్వాలనుకున్నాను, రాలేదు. చెక్క బల్ల మీద కూర్చున్నాను. లోపల మారప్ప రేడియో వార్తలు వింటున్నాడు.

“రెండో కండె విప్పి చూసినా,” అన్నాను.

మిషన్ ఆగింది. “ఎప్పుడు?”

“మొన్న.”

“ఇరవై ఏండ్లు పట్టెనే నాలుగు స్క్రూలు విప్పేదానికి.”

“నువ్వు ఉల్టానే చుట్టినావు.”

“నాకు తెల్సు కదా,” అంది. గొంతు మామూలుగానే ఉంది.

“కానీ రత్నమ్మా, నీ చెయ్యి ఎప్పట్లాగే తిరగతా ఉండె. నేను తలుపుకాడ నిలబడి చూసినా. అదొక్కటే నాకు ఇప్పటికీ అర్థం కాలే.”

ఆమె మిషన్ సొరుగు లాగి ఒక ఖాళీ కండె తీసి, పెన్సిల్‌కు గుచ్చి, నాలుగు చుట్లు ఎర్రదారం చుట్టింది. “ఇది మొదటిది.” ఇంకో కండె తీసింది. “చెయ్యి ఉల్టా తిప్పితే నాకు పట్టు కుదర్లే. తీగ తెగతాదని భయమాయె. అందుకే...” అని ఆ కండెను తలకిందులు చేసి పెన్సిల్‌కు గుచ్చింది. చెయ్యి ముందులాగే తిప్పుతూ దారం చుట్టింది. తీసి, తిన్నగా తిప్పి, రెండింటినీ పక్కపక్కన నా అరచేతిలో పెట్టింది.

ఒకటి ఇటు. ఒకటి అటు.

“చెయ్యి అదే,” అంది. “కండెనే తిరగేసి పెట్టినా.”

ఎంత సులువు. నాలాంటి పనివాడికి కూడా తట్టనంత సులువు.

“ఆ దినం హాల్లో ఈ మాట చెప్పుంటే...” అన్నాను.

“నువ్వు అడిగింటే చెప్పుందును. నువ్వు అడగలేదప్పా. చూసినానంటివి.” కళ్ళద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. “అందురి మాదిరే నువ్వూ చూసినావు, నువ్వే తేల్చినావు. అడిగేవాడు ఒకడుండాడు అనుకునింటి నేను.”

నేను ఇంతదూరం మోసుకొచ్చిన మాట ఒక్కటే ఉంది, అదే చెప్పాను. “ఇన్నేండ్లు ఏల విప్పలేదంటే, విప్పితే తప్పు నాదే అని తేలతాదని భయం. నువ్వు మెట్టు మీద నిలబడి అడిగిన దినమే ఆ భయముండె. నువ్వంటే నాకు ఎంత ఇష్టమో ఆ దినమూ చెప్పలే.”

వాకిట్లో చినుకులు మొదలయ్యాయి.

“ఆ పోగు?” అంది చివరికి.

“ఎట్లుండేదో అట్లే చుట్టి పెట్టినా.”

“మంచిపని చేసినావు,” అంది. కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది.

అంతలో మారప్ప బయటికొచ్చాడు. బట్టతల, నవ్వుముఖం. “ఎవురు రత్నా? ఓ, గిటార్! వాయిస్తారా మీరు? తగిలించండి తగిలించండి, కరెంటుండాది,” అంటూ స్విచ్చి బోర్డు ఆయనే చూపించాడు. మంచివాడు. ఆయన మంచివాడు కావడం నాకు సంతోషంగా ఉంది, కష్టంగానూ ఉంది.

తగిలించాను. రొద లేదు. చినుకుల చప్పుడు వినబడేంత నిశ్శబ్దం. రేకుల షెడ్డులో రాట్నం తిప్పుతూ ఆమె తీసిన రాగం, మాటలు లేనిది, అదే వాయించాను. ఆమె తల వంచుకుని ఎర్రదారం కండెను వేళ్ళ మధ్య తిప్పుతూ వింది. పాడలేదు.

“అబ్బ! ఏం పలుకుడప్పా ఇది!” అన్నాడు మారప్ప. “యాడ కొన్నారు?”

“కొన్నది కాదు,” అంది ఆమె, నాకంటే ముందు. తలెత్తి భర్త వైపు చూసింది. “చెక్క పని ఆయప్పది. లోపల తీగ నేను చుట్టింది.”

“నువ్వా?” అన్నాడు మారప్ప.

ఇరవై ఏళ్ళ కిందట నలుగురి ముందు నేను చెప్పవలసిన మాట ఒకటి నా దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు వినడానికి ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడికే చెప్పాను.

“అవునన్నా, ఆమే చుట్టింది. ఉల్టా చుట్టమన్నా, ఉల్టానే చుట్టింది. తప్పు నాది.”

మారప్పకు ఏమీ అర్థం కాలేదు. తలూపి, కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళాడు. మునిరత్న కండెను సొరుగులో వేసి మిషన్ ముందు మళ్ళీ కూర్చుంది.

“వాన తగ్గినాక పో,” అంది. “కట్టె తడుస్తాది.”